రసాయనాల బీరువా, గీగర్ కౌంటరు: ఒక బడి ప్రయోగశాల డైరీ

జూన్, రెండో వారం

చీమకుర్తి గ్రానైట్ గనులకు దగ్గరలో ఉన్న మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రయోగశాల గది కొన్నేళ్ళుగా పాఠ్యపుస్తకాల కట్టలకూ విరిగిన బల్లలకూ నిలయంగా ఉంటూ వచ్చింది. ఈ ఏడాది నుంచి తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత మళ్ళీ ప్రయోగాలు చేయించాలని భౌతిక రసాయన శాస్త్రం చెప్పే నేనూ, జీవశాస్త్రం చెప్పే మాస్టారూ అనుమతి కోరినప్పుడు ప్రధానోపాధ్యాయురాలు అడిగినది ఒక్కటే: "ఆ బీరువాలో ఏమేం ఉన్నాయో మీలో ఎవరికైనా పూర్తిగా తెలుసా?" స్టాకు రిజిస్టరులో రాసి ఉన్నవి కొన్ని, బీరువాలో కనిపించేవి మరికొన్ని. వాటి మధ్య పొంతన కుదర్చడమే మొదటి పనిగా పెట్టుకుని ఈ డైరీ మొదలుపెట్టాను.

భద్రత అనగానే ముందుగా కళ్ళద్దాలూ చేతి తొడుగులూ కొని, గోడకు ఒక సూచనల పటం తగిలించడం చాలా చోట్ల జరిగే పని. నా అభిప్రాయంలో అవి చివర రావలసినవి. ఏ పదార్థం ఉందో తెలుసుకోవడం, అక్కరలేనిదాన్ని తొలగించడం, వాడక తప్పనిదాన్ని వీలైనంత తక్కువ పరిమాణంలో వాడడం, ఈ మూడూ అయ్యాక కూడా మిగిలిపోయే ప్రమాదానికి మాత్రమే కళ్ళద్దాలు. ఈ వరుసను మార్చబోనని మాస్టారికి ముందే చెప్పాను.

బీరువా తెరిచిన రోజున కిటికీలూ తలుపులూ తీసి, గాలి ఆడిన తరువాతే లోపలికి వెళ్ళాం. ఆ రోజు ఏ సీసానూ ముట్టుకోకుండా టార్చిలైటు వెలుగులో చీటీలు మాత్రమే చదివాం. దీనికి కారణం ఉంది. పిక్రిక్ ఆమ్లం తడిగా ఉన్నంతకాలం ఫరవాలేదు కానీ, ఎండిపోయి మూత మరల్లో స్ఫటికాలు కడితే ఆ మూత తిప్పడమే పేలుడుకు చాలు. పొటాషియం లోహం పాతబడితే దానిపై పసుపుపచ్చని సూపర్ ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాన్ని చాకుతో కోయబోతే పేలవచ్చు. ఎన్నో ఏళ్ళు నిలవ ఉన్న ఈథర్‌లో పెరాక్సైడ్లు పుడతాయి. ఈ మూడింటిలో ఏది కనిపించినా తలుపు వేసి బయటకు వచ్చి, పై అధికారులకు తెలియజేసి నిపుణులను పిలిపించాలని ముందే అనుకున్నాం. అదృష్టవశాత్తూ ఏదీ లేదు.

ఉన్నవి వేరే. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసానూ అమ్మోనియా ద్రావణం సీసానూ పక్కపక్కనే పెట్టడం వల్ల, రెండింటి ఆవిరులూ కలిసి అమ్మోనియం క్లోరైడుగా మారి చుట్టుపక్కల సీసాలన్నిటి మీదా తెల్లని బూజులా పేరుకున్నాయి. ఆ ఆమ్లపు ఆవిరికే బీరువా బందులూ పక్క బల్ల మీది భౌతిక తులా తుప్పుపట్టాయి. సోడియం సీసాలో కిరసనాయిలు సగానికి పైగా ఆవిరైపోయి లోహపు ముక్కలు కొన్ని గాలికి బయటపడి తెల్లబడ్డాయి. కిరసనాయిలు ఇప్పుడు ఊళ్ళో దొరకడం కష్టం కనుక మందుల దుకాణంలో అమ్మే లిక్విడ్ పారఫిన్ తెచ్చి, అవి పూర్తిగా మునిగేటట్లు పోశాను. అట్టడుగు అరలో కూల్‌డ్రింకు సీసాలో చీటీ లేని రంగులేని ద్రవం ఒకటి ఉంది. బీరువా మొత్తంలో నాకు నిజంగా భయం కలిగించినది ఆ సీసా ఒక్కటే.

జూన్ చివర

సీసాలన్నీ ఆంగ్ల అక్షరక్రమంలో పేర్చి ఉన్నాయి. వెతకడానికి అది సుఖమే కానీ రసాయనాలకు అక్షరమాల తెలియదు. నత్రికామ్లం పక్కన నాఫ్తలీన్, గ్లిజరిన్ పై అరలో ఉంటే కింద పొటాషియం పర్మాంగనేట్ ఉండడం ఈ క్రమం వల్లనే జరిగింది. పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పడితే అగ్గిపుల్ల లేకుండానే కొద్దిసేపటికి మంట లేస్తుంది. అందుచేత స్వభావాన్ని బట్టి విడదీశాం: ఆమ్లాలు అట్టడుగున ప్లాస్టిక్ తొట్టెలలో, వాటిలో నత్రికామ్లం మళ్ళీ విడిగా, క్షారాలు వేరే అరలో, ఆక్సీకరణులు మరో గోడకున్న అరలో, స్పిరిట్, అసిటోన్ వంటి మండేవి ఎండ తగలని ఇనుప పెట్టెలో. సోడియాన్ని మాత్రం కింద పెట్టలేదు. మన కోస్తాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కురిసిన వానను చూసినవారెవరూ నీటితో మండే లోహాన్ని నేలకు దగ్గరగా ఉంచరు.

పారవేయవలసినవాటి జాబితా పెద్దదే అయింది. బెంజీన్ క్యాన్సర్ కారకం, బడిలో దానితో పని లేదు. కార్బన్ టెట్రాక్లోరైడు కాలేయానికి విషం. గడువెప్పుడో తీరిన అమ్మోనియం డైక్రోమేట్‌ను పూర్వం అగ్నిపర్వతం ప్రయోగానికి వాడేవారు. నారింజ రంగు స్ఫటికాలు నిప్పురవ్వలు చిమ్ముతూ ఆకుపచ్చని బూడిద కావడం చూడడానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, మార్పు చెందకుండా గాలిలోకి లేచే ఆరు సంయోజకత గల క్రోమియం దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. ముచ్చట కోసం ఆ దుమ్ము పీల్పించలేం. ఆస్బెస్టాస్ పూసిన తీగ వలలను తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి, బదులుగా పింగాణీ మధ్యభాగం ఉన్నవి తెప్పించాం.

ఇవేవీ మరుగుదొడ్డిలో గానీ బడి వెనక గుంటలో గానీ పోయవలసినవి కావు. ముఖ్యంగా మరుగుదొడ్డి విషయంలో ఆయాతో కూర్చుని మాట్లాడవలసి వచ్చింది. ఆమె బ్లీచింగ్ పౌడరు చల్లే చోట మేము మిగిలిన ఆమ్లం పోసినా, ఆమే బాత్రూం యాసిడ్ కలిపినా క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ రెండూ ఒకే రోజు వాడకూడదని చెప్పి ఊరుకోకుండా, రెంటినీ రెండు వేర్వేరు గదుల్లో పెట్టించాం. పారవేయవలసిన సీసాల జాబితాను కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన సంస్థ ద్వారా తరలించమని కోరుతూ లేఖ పంపి, అంతవరకూ వాటిని విడి పెట్టెలో తాళం వేసి ఉంచాం.

చీటీ లేని ఆ ద్రవాన్ని వాసన చూసి గుర్తిద్దామన్న సలహా ఒకటి వచ్చింది. నేను ఒప్పుకోలేదు. పేరు తెలియని పదార్థాన్ని గుర్తించడం బడి పని కాదు. 'తెలియని ద్రవం' అని రాసి అదే పెట్టెలో పెట్టాం. ఇక మీదట తాగే నీటి సీసాలలో గానీ కూల్‌డ్రింకు సీసాలలో గానీ ఏ ద్రావణమూ పోయరాదన్నది మేము రాసుకున్న మొదటి నియమం. పురుగుమందు మిగిలితే ఇలాంటి సీసాలోనే పోసి గూట్లో పెట్టే అలవాటు మా పిల్లల ఇళ్ళలోనూ ఉంది కనుక ఈ నియమాన్ని తరగతిలో చెప్పినప్పుడు పురుగుమందు డబ్బాల మీది త్రికోణాలను కూడా నల్లబల్ల మీద గీసి చూపించాను: ఎరుపు అత్యంత విషం, పసుపు అధిక విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. మిర్చి, పొగాకు పండించే ఇళ్ళ పిల్లలు ఆ రంగులను ఎప్పుడో చూశారు. అర్థం మాత్రం చాలామందికి కొత్త.

జూలై, మొదటి పక్షం

పాదరసం పని. అరకిలో సీసా ఒకటి, పాత బారోమీటరు ఒకటి, థర్మామీటర్లు కొన్ని. అరకిలో అంటే చాలా ఉంటుందనుకుంటాం కానీ సాంద్రత 13.6 కావడం వల్ల అది 37 మిల్లీలీటర్లకు మించదు. ఆ కొద్దిపాటి ద్రవం ఒలికితే మా గదిలోని నాపరాళ్ళ సందుల్లోకి పూసలు పూసలుగా జారిపోయి ఏళ్ళ తరబడి ఆవిరవుతూ ఉంటుంది. ఇరవై డిగ్రీల దగ్గర ఉండే పాదరసపు సంతృప్త ఆవిరి పీడనం నలభై డిగ్రీలకు దాదాపు ఐదు రెట్లవుతుంది. చలి దేశాలవారు రాసిన సూచనలలో కనిపించని అంకె ఇది. మే నెలలో తలుపులు మూసి ఉంచే మా గదికి మాత్రం ఇదే ముఖ్యం.

పని మొదలుపెట్టే ముందు ఇద్దరం ఉంగరాలూ గాజులూ గొలుసులూ తీసి పక్కగదిలో పెట్టాం. బంగారాన్ని పాదరసం పట్టుకుంటే వదలదు. సీసానూ బారోమీటరునూ అంచులున్న ప్లాస్టిక్ ట్రేలో పెట్టుకునే పని చేశాం. పగిలిన థర్మామీటరు నుంచి ఎప్పుడో రాలిన పూసలు బల్ల సొరుగులో ఉన్నాయి. చీపురుతో ఊడిస్తే అవి మరింత చిన్న పూసలై విస్తరిస్తాయి, వాక్యూమ్ క్లీనరు ఆవిరిని గదంతా చిమ్ముతుంది. కాబట్టి గది చీకటి చేసి టార్చిలైటును నేలకు సమాంతరంగా పట్టి, మెరిసినదాన్నల్లా డ్రాపరుతో, అతి చిన్నవాటిని జిగురు టేపుతో తీసి, సందుల్లో గంధకం పొడి చల్లాం. గంధకం పాదరసంతో నెమ్మదిగా కలిసి, ఆవిరి కాని సల్ఫైడుగా మారుతుంది. సేకరించినదంతా గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో చేరింది. ఇక మీదట ఆల్కహాలు థర్మామీటర్లే. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ధ్రువీకరించిందని పిల్లలకు చెప్పినప్పుడు, మినమాటా ఎక్కడుందని అడిగారు. జపాన్‌లోని ఆ తీరపు ఊళ్ళో కర్మాగారం వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల నాడులను దెబ్బతీసిన కథ చెప్పడానికి ఒక పీరియడు పూర్తిగా పట్టింది. చేపలు తినే జిల్లా కాబట్టి శ్రద్ధగా విన్నారు.

జూలై చివర

ఆమ్లాల రిజిస్టరు. యాసిడ్ దాడుల కేసులో 2013 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం ఆమ్లాన్ని నిలవ చేసుకునే విద్యాసంస్థలు వాడకపు రిజిస్టరు నిర్వహించి సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు దాఖలు చేయాలి; ఒకరు దానికి బాధ్యులుగా ఉండాలి; ప్రయోగశాల నుంచి బయటకు వచ్చే విద్యార్థులను తనిఖీ చేయాలి. బాధ్యురాలిగా నా పేరు రాసుకున్నాను. తనిఖీ అన్నది పిల్లలను అవమానించినట్లు కాకుండా, వెళ్ళేముందు ప్రతి జట్టూ తన ట్రేలోని సీసాలను లెక్కపెట్టి అప్పజెప్పే పద్ధతిగా మార్చాం.

గాఢ ఆమ్లం పిల్లల బల్ల మీదకు ఎప్పుడూ రాదు. నేనే విలీనం చేసి ఇస్తాను. ఒక లీటరు 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి 98 శాతం ఆమ్లం సుమారు 55 మిల్లీలీటర్లు, హైడ్రోక్లోరిక్‌కైతే గాఢామ్లం సుమారు 86 మిల్లీలీటర్లు సరిపోతాయి. ఆమ్లాన్నే నీటిలోకి, సన్నని ధారగా, కలుపుతూ పోయాలి. తిరగేస్తే పైన తేలిన నీరు ఆ వేడికి అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని ముఖం మీదకు చిమ్ముతుంది. బీకరును చల్లటి నీళ్ళ తొట్టెలో ఉంచి చేస్తున్నాను, ఎందుకంటే మా కుళాయి నీరే మధ్యాహ్నానికి నలభై డిగ్రీలకు చేరుతుంది.

కుళాయి నీటి మాట వచ్చింది కాబట్టి కళ్ళు కడిగే ఏర్పాటు గురించి రాయాలి. కంట్లో ఆమ్లం గానీ క్షారం గానీ పడితే సోడా, వెనిగర్ వంటి విరుగుడులేవీ వెతకకుండా కనీసం పదిహేను నిమిషాలు ఆగకుండా నీటితో కడగాలి, ఆ తరువాత 108కు ఫోను. డాబా మీద సింటెక్స్ ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఎండలో ఉన్నందువల్ల మధ్యాహ్నం మొదట వచ్చే నీరు చేతికే భరించలేనంత వేడిగా ఉంటుంది, దాన్ని కంట్లో పోయలేం. కాబట్టి వరండా నీడలో ఎత్తైన దిమ్మె మీద రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టించి, దాని నుంచి వచ్చే రబ్బరు గొట్టానికి మెత్తని జల్లెడ మూత బిగించాం. ప్రతి సోమవారం నీరు మార్చడం జీవశాస్త్రం మాస్టారి తరగతి పిల్లల వంతు.

ఇంకొక మార్పు చిన్నదిగా కనిపించినా ఎక్కువ వాదనకు దారితీసింది. ప్రయోగశాల గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి రావడం మా బడి అలవాటు. గాజు పెంకులూ ఆమ్లపు చుక్కలూ పడే నేల మీద వట్టి కాళ్ళతో నడవడం కంటే అపాయం ఇంకొకటి లేదని, బూట్లు వేసుకున్నవారికే ప్రవేశమని రాశాను. గదిని గుడిలా చూడాలన్న పెద్దల మాటను తీసివేయలేను కానీ, కాళ్ళు కాలితే ఆ భక్తి మందు కాదు. జడలకు కట్టిన రిబ్బన్లు వెనక్కి, చున్నీలు నడుముకు బిగించి, పూలు తీసివేసి రావాలన్న నియమానికి ఆడపిల్లలెవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆగస్టు

పదో తరగతి మొదటి పాఠంలోని కృత్యాలను ఒక్కొక్కటిగా పరిశీలించడానికి ఈ నెలంతా పట్టింది. మెగ్నీషియం తీగ, సున్నం మీద నీళ్ళు, ఇనుప మేకులు–మైలుతుత్తం, ఇవన్నీ పిల్లలే చేయగలరు. మెగ్నీషియం మంటను నేరుగా చూడకూడదని, తడి సున్నం చల్లారిందనుకుని ముట్టుకోకూడదని చెబితే చాలు. లెడ్ నైట్రేట్‌ను వేడిచేసే కృత్యం దగ్గర మాత్రం ఆగిపోయాను.

పుస్తకంలో చెప్పిన 2 గ్రాముల లెడ్ నైట్రేట్ పూర్తిగా విఘటనం చెందితే వెలువడే నైట్రోజన్ డయాక్సైడు సుమారు 0.55 గ్రాములు, అంటే దాదాపు 300 మిల్లీలీటర్ల గోధుమ రంగు వాయువు. మా గది పొడవు 8 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 3.5; గాలి 168 ఘనపు మీటర్లు. ఒక్క జట్టు చేస్తేనే ఘనపు మీటరుకు 3.3 మిల్లీగ్రాములు, అంటే పది లక్షల వంతుల గాలిలో 1.8 వంతులు. ఈ వాయువును కొద్ది నిమిషాలు పీల్చడానికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన పరిమితి 1 వంతు. ఎనిమిది జట్లు ఒకేసారి చేస్తే 14 వంతులు దాటుతుంది. తలుపులు తెరిస్తే తగ్గుతుందన్నది నిజమే కానీ, గొట్టం దగ్గర వంగి చూసే పిల్లవాడి ముఖం ముందు గది సగటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువే ఉంటుంది. పైగా ఈ వాయువు పీల్చినప్పుడు దగ్గు తప్ప ఏమీ తెలియక, గంటల తరువాత, బాధితుడు ఇంటికి వెళ్ళిపోయాక ఊపిరితిత్తుల్లో నీరు చేరడం దీని అసలు ప్రమాదం.

ఈ లెక్కను నేను నల్లబల్ల మీద వేయలేదు. పిల్లల చేతే వేయించాను. మోలు భావన ఎందుకని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు దొరకలేదు. వాళ్ళే తేల్చారు, పరిమాణం 0.1 గ్రాముకు తగ్గిస్తే వాయువు ఇరవయ్యో వంతు అవుతుందని. రంగు మాత్రం చిన్న గొట్టంలో అంతే స్పష్టంగా కనబడుతుంది. కాబట్టి వరండాలో, గాలి నా వీపు వైపు నుంచి వీచే చోట నిలబడి, 0.1 గ్రాముతో నేనొక్కదాన్నే చేసి చూపాను. గింజలు చిటపటమంటాయి కనుక మొదట సన్నని మంట. ఈ గోధుమ రంగు వాయువుకు దగ్గరి రూపమైన నైట్రోజన్ టెట్రాక్సైడే శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో ఆక్సీకరణి అని చెప్పినప్పుడు, రాకెట్లు ఎగిరే రోజున ఆకాశం వైపు చూసే మా పిల్లలు వంద ప్రశ్నలు వేశారు. అక్కడ ఆ ద్రవాన్ని నింపే సిబ్బంది ఒంటినంతా కప్పే దుస్తులు వేసుకుని విడిగా అందే గాలినే పీలుస్తారన్నదీ వాటికి జవాబుల్లో భాగమే.

లెడ్ నైట్రేట్, పొటాషియం అయోడైడు కలిపి పసుపు అవక్షేపం చూసే కృత్యాన్ని పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద చుక్కలతో చేయించాం. ఒక్కొక్క జట్టుకు రెండు చుక్కలు. పరీక్షనాళికలో కంటే రంగు ఇక్కడే బాగా కనబడిందని వాళ్ళ మాట. మిగిలినదంతా తుడిచి 'సీసం వ్యర్థం' అని రాసిన సీసాలో వేశాం. వేరుగా, మైలుతుత్తం ద్రావణానికి చాకలి సోడా కలిపి నీలిరంగు అవక్షేపం చేసి చూపాను. ద్వంద్వ వియోగ చర్య అర్థం కావడానికి అదే సరిపోతుంది. ఆ లెక్కన వచ్చే ఏడాది సీసాన్ని పూర్తిగా మానేయవచ్చు.

సెప్టెంబరు

ఇక వికిరణం. పూర్వ విద్యార్థుల సాయంతో, వికిరణాన్ని చప్పుళ్ళుగా లెక్కపెట్టే చిన్న గీగర్ గొట్టం ఉన్న కిట్టు ఒకటి కొన్నాం. గొట్టానికి 400 వోల్టుల దాకా విద్యుత్తు అందుతుంది కనుక ముందు దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, చేతికి తగలకుండా మూత స్క్రూలు వేయించాను. వికిరణం కంటే ముందు ఆలోచించవలసినది ఆ షాకు.

వికిరణానికి మూలంగా ఏది వాడాలన్నది అసలు ప్రశ్న. ఆన్‌లైనులో దొరికే పాత పొగ సూచకాలలోని అమెరీషియం, రేడియం పూసిన పాత గడియారాలు, పెట్రోమాక్స్ దీపాల థోరియం మాంటిళ్ళు, ఇవన్నీ వద్దనుకున్నాం. మాంటిల్ ముట్టుకుంటే పొడి అవుతుంది. ఆల్ఫా కణాలను కాగితం కూడా ఆపుతుంది కానీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన దుమ్మును కాగితం ఆపదు. కొత్తపట్నం తీరం నుంచి నల్ల ఇసుక తెచ్చి అయస్కాంతంతో వేరుచేద్దామని ఒక విద్యార్థి అడిగాడు. ఇసుకలోని మోనజైటు అనే థోరియం ఖనిజాన్ని పోగుచేయడం అణుశక్తి చట్టం పరిధిలోకి వచ్చే పని అని చెప్పి వద్దన్నాను. రేడియోధార్మిక మూలకాలకు సంబంధించిన అనుమతులన్నీ 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. మా పాఠానికి అంత దూరం వెళ్ళనక్కర లేదు.

ఎరువుల దుకాణంలో దొరికే ఎర్ర పొటాష్ మాకు చాలింది. ప్రకృతిలోని పొటాషియంలో 0.0117 శాతం రేడియోధార్మికమైన పొటాషియం-40. దాని అర్ధాయువు సుమారు 125 కోట్ల సంవత్సరాలు. కిలో ఎర్ర పొటాష్‌లో సగం బరువు పొటాషియమే కాబట్టి సెకనుకు సుమారు 15,000 పరమాణువులు విఘటనం చెందుతాయి. నలభై కిలోల బరువున్న విద్యార్థి ఒంట్లోనే దాదాపు 80 గ్రాముల పొటాషియం, సెకనుకు 2,500 విఘటనలు ఉన్నాయని ముందుగా చెప్పాను. అది విన్నాక తరగతిలో భయం పోయి లెక్క మీద ఆసక్తి మిగిలింది.

పొటాష్‌ను మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి గొట్టానికి ఆనించాం. ఖాళీ గదిలో నిమిషానికి ఇరవై ప్రాంతంలో ఉన్న చప్పుళ్ళు రెట్టింపుకు దగ్గరయ్యాయి. మధ్యలో మధ్యాహ్న భోజనపు సత్తు పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పెడితే క్రమంగా తగ్గాయి; ఈ బీటా కణాలను ఆపడానికి రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన అల్యూమినియం చాలు, ఆ తరువాత మిగిలేది చాలావరకు గామా. (ఆ పళ్ళేలు పాతవి, మళ్ళీ భోజనానికి వాడలేదు.) సంచిని దూరం జరిపినప్పుడు విలోమ వర్గ నియమం (దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు కావడం) సరిగ్గా రావాలని పట్టుబట్టకూడదు. సంచి బిందువు కాదు కదా.

"మేడం, పొలంలో ఇది చల్లే మా నాన్నకి ఏమన్నా అవుద్దా?" అని ఒక అమ్మాయి అడిగింది. ప్రపంచ సగటున ప్రతి మనిషికీ ప్రకృతి నుంచి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల వికిరణ మోతాదు అందుతుందని, దానికి పైన కృత్రిమ వనరుల నుంచి సామాన్య ప్రజలకు విధించిన పరిమితి 1 మిల్లీసీవర్టు అని, పొటాష్ చల్లడం వల్ల అందేది ఈ లెక్కలో పట్టించుకోదగ్గది కాదని చెప్పాను. శరీరం తనకు కావలసినంత పొటాషియాన్నే ఉంచుకుని మిగిలినది బయటకు పంపుతుందన్నది ఇంకొక కారణం. దుమ్ము కంట్లో పడకుండా, చేతులు కడుక్కుని అన్నం తినేటట్లు చూసుకోమని నాన్నకు చెప్పమన్నాను.

తరువాత పిల్లలు గనుల దగ్గర పారేసిన రాళ్ళు తెచ్చారు. చీమకుర్తి గెలాక్సీ అనే ఇక్కడి నల్లరాయిని గ్రానైటు పేరుతో అమ్ముతారు కానీ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి, పొటాషియం, యురేనియం, థోరియం తక్కువ. గులాబీ రంగు అసలు గ్రానైటులో అవి ఎక్కువ. రెండింటినీ చాలాసేపు లెక్కించాం. నూరు లెక్కలకు పది, పదివేలకు నూరు అటూ ఇటూ ఉండడం సహజమని, ఆ హద్దు లోపల వచ్చిన తేడాను తేడాగా చెప్పకూడదని ముందే నేర్పాను. గెలాక్సీకీ ఖాళీ గదికీ మధ్య తేడా ఆ హద్దు దాటలేదు. గులాబీ రాయి కొంచెం ఎక్కువ చూపినట్లుంది, అయినా 'ఖాయం' అని రాయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ సంయమనం నాకు చాలా నచ్చింది. క్వార్ట్జు ఎక్కువున్న రంగు రాళ్ళను కోసి పాలిష్ పట్టే చోట లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హానితో పోలిస్తే ఈ వికిరణం లెక్కలోకి రాదని, రాయిని తడుపుతూ కోయడం అందుకేనని ఆ పనిచేసే ఇళ్ళ పిల్లలే మిగతావారికి వివరించారు.

అక్టోబరు, వానలకు ముందు

అనుకోని అంశం. బీరువా వెనక ఒక చెక్కపెట్టెలో నెల్లూరు అభ్రకపు గనుల నుంచి ఎవరో ఎప్పుడో తెచ్చిన ఖనిజాలు బయటపడ్డాయి. అభ్రకం రేకులు, లేత ఆకుపచ్చ బెరిల్, పేరు రాయని బరువైన నల్లరాయి ఒకటి. కౌంటరును పెట్టె మీదకు తేగానే చప్పుళ్ళు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగాయి. నెల్లూరు అభ్రకపు నేలలో యురేనియం కలిసిన సమర్‌స్కైటు దొరుకుతుంది కనుక అదే కావచ్చన్నది నా ఊహ, అంతకు మించి చెప్పలేను. పిల్లలను వరండాలోకి పంపి, తొడుగులు వేసుకుని రాయిని రెండు సంచుల్లో కట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఎవరూ కూర్చోని సామాను గదిలో గాలి ఆడే మూలకు చేర్చాం. యురేనియం వరుసగా విఘటనం చెందే గొలుసులో రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు పుడుతుంది కాబట్టి గాలి ఆడడం ముఖ్యం. బెరిల్ వికిరణం చూపలేదు కానీ దాన్ని ఎప్పుడూ నూరకూడదు, బెరీలియం దుమ్ము ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేస్తుంది. విషయాన్ని ప్రధానోపాధ్యాయురాలి సంతకంతో రాతపూర్వకంగా పై కార్యాలయానికి పంపాం.

ఇదే వారంలో పాత ఇనుప సామాన్ల వ్యాపారి వచ్చి తుప్పుపట్టిన పరికరాలన్నీ తూకానికి ఇమ్మన్నాడు. ప్రధానోపాధ్యాయురాలు ఒప్పుకోబోతుండగా మాయాపురి సంగతి చెప్పాను. 2010లో ఢిల్లీలోని ఒక విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి వాడకుండా పడి ఉన్న గామా పరికరాన్ని తుక్కుగా వేలం వేయగా, మాయాపురి తుక్కు బజారులో దాన్ని విడగొట్టినవారికి కోబాల్ట్-60 వికిరణం సోకి ఒకరు మరణించారు. మా బడిలో అంతటిది ఉండదు. ఉండదని కౌంటరుతో చూసి, ప్రతి వస్తువుకూ పేరు రాసి, పాదరసం, ఆస్బెస్టాస్ లేనివి మాత్రమే వేరుచేసిన తరువాతే అమ్మాలని ఆమే రిజిస్టరులో రాశారు.

నవంబరు

వానలు మొదలయ్యాయి. వరండాలో ఉంచిన ఇసుక బకెట్లలోకి జల్లు కొట్టి ఇసుక తడిసింది. సోడియం మంట మీద నీరు పోయకూడదన్నంత ఖచ్చితంగా తడి ఇసుకా పోయకూడదు. అది ఆర్పడానికి బదులు హైడ్రోజన్ పుట్టించి మంట పెంచుతుంది. బకెట్లను లోపలికి మార్చి మూతలు పెట్టించాం. తడిసిన ఇసుకను మొక్కలకు వేసి, పెనం మీద వేయించి ఆరబెట్టిన కొత్త ఇసుక నింపాం.

పారవేయవలసిన పెట్టె ఇంకా తాళం కిందే ఉంది. దానికి అతికించిన జాబితాలో ఇప్పుడు సీసం వ్యర్థాల సీసా కూడా చేరింది. డిసెంబరులో తొమ్మిదో తరగతికి స్పిరిటు దీపాల పాఠం: వెలుగుతున్న దీపంలో స్పిరిటు పోయకపోవడం, పగటి వెలుగులో ఆ మంట కనబడదని గుర్తుంచుకోవడం, ఆర్పడానికి ఊదకుండా మూత పెట్టడం. పాత దీపాలలో ఒత్తి గొట్టం వదులైనవి మూడు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి కొత్తవాటికి ఇండెంటు రాశాను.